ఎమ్డెన్ ఓడా, కనకవల్లి ఆంటీ గీసిన వృత్తమూ

మీ ఇంట్లో దండం పెట్టుకునే వస్తువుల్లో, ఎక్కడి నుంచి వచ్చాయో మీరు స్వయంగా విచారించి తెలుసుకున్నవి ఎన్ని? తొందరపడి చెప్పకండి. “మా నాన్న చెప్పారు” అన్నది జవాబు కాదు. మీ నాన్నగారికి ఎవరు చెప్పారు, ఆ చెప్పినవారు కళ్ళతో చూశారా అన్నది నా ప్రశ్న.

నిజానికి ఈ ప్రశ్న నాది కాదు. వెల్లింగ్టన్ పక్కనున్న లోవర్ హట్‌లో సెప్టెంబరు గాలి కిటికీ అద్దాలను గడగడలాడిస్తున్న ఈ ఉదయం, అలమర పైనుంచి అట్టపెట్టె దింపి, పాత చీర ముక్కలో చుట్టి ఉన్న ఇనుప ముక్కను విప్పాను. చల్లటి తుప్పు వాసన అరచేతికి అంటుకుంది. సబ్బుతో కడిగినా పోలేదు. ఆ వాసన వెనకే కనకవల్లి ఆంటీ గొంతు వచ్చింది. “దండం తర్వాత పెడుదువు గానీ, ముందు సరిగ్గా చూడమ్మాయ్. ఏం కనిపిస్తోంది?” ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఆ వాక్యం మాత్రం ఇంకా నన్ను వదిలిపెట్టలేదు.

ఇన్వర్‌కార్గిల్‌లో చదువు ముగించి, వెల్లింగ్టన్‌లో ఉద్యోగం దొరికాక, అద్దె తక్కువని లోవర్ హట్‌లో వెతుక్కుంటే ఆవిడ ఇంటి వెనక గది దొరికింది. చెన్నపట్నంలో తెలుగు కుటుంబంలో పుట్టి, అక్కడే హైస్కూల్లో లెక్కలు చెప్పి, ఇంజనీరు భర్తతో ఈ దేశానికి వచ్చి, ఆయన పోయాక ఒంటరిగా ఉంటున్న మనిషి. పిల్లలు లేరు. తనవాడంటూ ఉన్నది అన్నగారు ఒక్కరే. శేషాద్రి అంకుల్ ఆక్లండ్ దక్షిణాన పాపకూరలో కొడుకు దగ్గర ఉండేవారు. ప్రతి ఆదివారం పొద్దున్న అన్నాచెల్లెళ్ళిద్దరూ ఫోన్లో కాఫీ తాగేవారు. ఆయన అక్కడ గ్లాసు పట్టుకుని, ఈవిడ ఇక్కడ గ్లాసు పట్టుకుని. ఆ గంటసేపు నేను వంటింట్లోకి అడుగు పెట్టకూడదు. మిగతా వారమంతా ఆవిడ నాకు ఇంటి యజమానురాలు. ఆ గంట మాత్రం ఎవరికో చెల్లెలు.

నేను వాదనల మధ్య పెరిగాను. మా నాన్న సంఘసంస్కరణ సభలకు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళేవారు. పదో తరగతికి వచ్చేసరికే ఒక జ్యోతిష్కుడి చేత వేదిక మీద నీళ్ళు నమిలించి చప్పట్లు కొట్టించుకున్నాను. అలాంటి నేను, దేవుణ్ణి నమ్మనని మొదటి రోజే చెప్పిన ఈవిడ ఇంట్లో దసరాకు బొమ్మల కొలువు చూసి భగ్గుమన్నాను.

“ఆంటీ, దేవుడు లేడన్నారు కదా! మరి ఇదేంటి?”

“దేవుడు లేడన్నాను. బొమ్మలు లేవన్నానా?” అంటూ నా చేతిలో ఒక శెట్టిగారి బొమ్మ పెట్టారు. “ఊరికే అరుస్తూ నిలబడకపోతే ఆయన్ని ఆయన భార్య పక్కన కూర్చోబెట్టు.”

ఆ కొలువు పై మెట్టు మీద, దేవతల మధ్య, ఈ ఇనుప ముక్క ఉండేది. జానెడు పొడవు, ఒక పక్క వంపు తిరిగి, నల్లగా ఉంటుంది. వచ్చిన ముత్తయిదువలు దానికి బొట్టు పెట్టి కళ్ళకద్దుకునేవారు. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన ఏడు, నవరాత్రుల్లో ఒక రాత్రి, ఎమ్డెన్ అనే జర్మన్ ఓడ చెన్నపట్నం మీద ఫిరంగులు పేల్చింది. అప్పుడు హార్బరు వెనక వీధిలో ఆవిడ తాతగారి ఇల్లు ఉండేది. ఒక గుండు వచ్చి పెరట్లో పడింది. లోపల అమ్మవారి ముందు దీపం వెలుగుతోంది కాబట్టి అది పేలకుండా, కొబ్బరికాయలా రెండు చెక్కలై చల్లారిపోయింది. ఆ చెక్కల్లో ఒకటే ఈ ముక్క. ఇదీ ఆ ఇంటి కథ. దీపం సంగతి ఆంటీ నమ్మేవారు కాదు. “మందు తడిసి ఉంటుంది. అందుకే పేలలేదు” అనేవారు. ఆ వివరణ నాకు తెగ నచ్చింది. మహిమను భౌతికశాస్త్రంతో కొట్టిపారేశాం కదా అని ఇద్దరం సంతోషించాం.

మేమిద్దరం అక్కడే బోల్తా పడ్డామని అప్పుడు తెలియలేదు.

కొలువు మెట్ల ముందు నేల మీద పార్కో, పెళ్ళి ఊరేగింపో అమర్చడం అందరూ చేసేదే. నేను వచ్చిన మూడో ఏట ఆవిడ సముద్రం పరిచారు. నీలం చీర హిందూ మహాసముద్రం, బియ్యం పోసిన అంచు మన తూర్పు తీరం, నువ్వుల నూనె గిన్నెలు చెన్నపట్నం రేవులో ఆ రాత్రి తగలబడిన చమురు ట్యాంకులు. మధ్యలో అట్టతో చేసిన ఓడ. దానికి మూడు పొగగొట్టాలు అట్టవి, నాలుగోది గుడ్డది. చూడవచ్చిన పిల్లలకు తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది. వాళ్ళను చుట్టూ కూర్చోబెట్టుకుని ఆవిడ ఆ ఓడ కథ చెబుతుంటే నేను కాఫీలు అందించడం మరిచిపోయాను.

ఎమ్డెన్ పెద్ద యుద్ధనౌక కాదు. క్రూయిజరంటే బలం కంటే వేగాన్ని నమ్ముకుని ఒంటరిగా తిరగగల ఓడ. చైనా తీరంలో జర్మనీవాళ్ళ స్థావరంలో ఉండేది. యుద్ధం రాగానే మిగతా నౌకలను విడిచి ఒక్కటే బంగాళాఖాతంలోకి జొరబడింది. సరుకు ఓడలను ఆపి, మనుషులను దింపి, ఓడలను ముంచేది. ఇంగ్లీషువాళ్ళ క్రూయిజర్లలో కొన్నింటికి నాలుగు పొగగొట్టాలు, దీనికి మూడే. అందుకని గుడ్డతో నాలుగోది కట్టుకుంది! ఆ వేషంతోనే పెనాంగ్ రేవులోకి తెల్లవారుజామున దర్జాగా వెళ్ళి, లంగరు వేసి ఉన్న రష్యన్ యుద్ధనౌకను ముంచేసింది.

“వాళ్ళకి తెలియలేదా?” అని ఒక పిల్ల ఇంగ్లీషులో అడిగింది.

“దూరం నుంచి పొగగొట్టాలు లెక్కపెట్టుకున్నారు, మనవాళ్ళే అనుకున్నారు. దగ్గరికెళ్ళి పట్టుకుని చూస్తే గదా గుడ్డో ఇనుమో తెలిసేది” అన్నారు ఆంటీ. తర్వాత ఓడ కెప్టెన్ ఎంత మర్యాదస్థుడో శత్రువులు కూడా పొగిడారని చెప్పి, ఆగి, “ఆ ఓడలో బట్టలుతకడానికి చైనావాళ్ళు ఉండేవారు. యుద్ధం వాళ్ళది కాదు. ఓడతో పాటు వాళ్ళూ పోయారు. వాళ్ళ పేర్లు ఎవరైనా చెబితే వినాలని నాకు ఎప్పటి నుంచో ఆశ” అన్నారు.

ఆ నవరాత్రుల్లోనే శేషాద్రి అంకుల్ ఫోను వచ్చింది. ఆదివారం కాదు, మంగళవారం. పాపకూర దగ్గర కొత్త గుడి కడుతున్నారు. అమ్మవారి పక్కన అద్దాల పెట్టెలో ఈ ఇనుప ముక్కను పెట్టిస్తానని ఆయన గుడి పెద్దలకు మాట ఇచ్చేశారు. విజయదశమి రోజు స్వయంగా వచ్చి తీసుకుపోతానన్నారు. స్పీకరులో ఆయన గొంతు పొంగిపోతోంది. “మన తాత పేరు చలవరాతి మీద చెక్కిస్తారంటమ్మా కనకా! మన వంశంలో ఎవరికుంది ఆ భాగ్యం?” ఆవిడ కాదనలేదు. “అక్కడైతే పదిమంది చూస్తారులే అన్నయ్యా” అన్నారు. నేను కస్సుమంటే, “డెబ్బై అయిదు దాటిన మనిషి. పోన్లేవే” అన్నారు.

మర్నాడు సాయంత్రం పక్కింటి కాలిన్ తన పెరటి నిమ్మకాయలు తెచ్చాడు. పళ్ళ డాక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. నేల మీద ఓడను చూడగానే చెప్పులు విప్పినవాడు విప్పినట్టే ఆగిపోయాడు.

“ఎమ్డెన్! మా తాతయ్య దీన్ని చూశాడు. మంటల్లో!”

కాలిన్ తాతగారు ఇక్కడి నుంచి సైనికులను తీసుకెళ్ళిన ఓడల బారులో ఒకదానిలో ఉన్నారట. ఆ బారుకు దగ్గర్లోనే, కోకోస్ దీవుల్లో, తంతి తీగలు తెంచడానికి ఎమ్డెన్ కొంతమందిని ఒడ్డుకు పంపింది. కొత్త ఓడ ఏదో వచ్చిందని అక్కడి తంతివాళ్ళు వార్త పంపారు. ఓడల బారుకు కాపలాగా ఉన్న సిడ్నీ అనే ఆస్ట్రేలియా క్రూయిజరు విడిపడి దూసుకెళ్ళింది. దాని ఫిరంగులు పెద్దవి. ఎమ్డెన్ తునాతునకలైంది. మునిగిపోయేలోగా కెప్టెన్ దాన్ని దీవి అంచున పగడపు దిబ్బ మీదికి ఎక్కించేశాడు. “తాతయ్య డెక్కు మీద నిలబడి అంతా చూశాడు. యుద్ధంలో పోయినవాళ్ళను తలుచుకునే రోజున, ప్రతి ఏడూ మా ఇంట్లో ఈ కథ చెప్పుకుంటాం” అన్నాడు కాలిన్.

ఆంటీ కళ్ళు మెరిశాయి. ఆ మెరుపు నాకు తెలుసు. వెళ్ళి అట్లాసూ దారమూ తెచ్చారు.

“డెక్కు మీద నిలబడ్డ మనిషికి సముద్రం ఎంత దూరం కనిపిస్తుందో లెక్క వేద్దామా కాలిన్? భూమి గుండ్రంగా ఉంది కాబట్టి అంతకు మించి కనిపించదు. సిడ్నీ రెండు గంటలకు పైగా పూర్తి వేగంతో పరుగెత్తితే గానీ ఎమ్డెన్ దానికి కనిపించలేదు. మీ తాతగారి ఓడ ఆ వైపు పోలేదు కదా?”

దారం ఒక కొస పట్టుకుని కాలిన్ అట్లాసు మీద కొలిచి చూశాడు. నాకైతే జాలి వేసింది. వేదిక మీదైతే ఈ సమయానికి నేను రెండో దెబ్బ వేసేదాన్ని. ఆవిడ మాత్రం నిమ్మకాయలు గిన్నెలోకి సర్దుతూ కూర్చున్నారు. చివరికి ఆయనే పకపకా నవ్వాడు.

“పాపం తాతయ్య! తర్వాత ఓడకు వచ్చిన వైర్‌లెస్ వార్త విని ఉంటాడు, అదే చూసినట్టు అయిపోయి ఉంటుంది. సరే కనకా, మా ఇంటి కథ తేలిపోయింది. మరి మీ ఇంటిది?” అని పై మెట్టు మీది ఇనుప ముక్కను చూపించాడు.

“దానికేం? అది వస్తువు. కళ్ళ ముందే ఉంది.”

“మా తాతయ్యా నా కళ్ళ ముందే ఉండేవాడు.”

కాలిన్ వెళ్ళాక ఆంటీ మెట్టు మీది నుంచి ముక్కను తీసి, దాని మీది కుంకుమను తడిగుడ్డతో తుడిచి, వంటింటి బల్ల మీద తెల్ల కాగితం పరిచారు.

పాఠకులారా, ఆ రోజు ఆవిడ చేసినది తొమ్మిదో తరగతి పిల్లలు చేసే పని. గుండు పేలలేదు, రెండు చెక్కలైందంతే. అంటే దాని వంపు వంపులాగే ఉండాలి. ఆ వంపును కాగితం మీద పెన్సిలుతో గీశారు. దాని మీది బిందువులను కలుపుతూ రెండు జ్యాలు గీసి, వాటి మధ్యబిందువుల నుంచి రెండు లంబాలు వేశారు. అవి కలిసే చోటే వృత్తానికి కేంద్రం. ఎమ్డెన్ ఫిరంగి గొట్టం లోపలి వెడల్పు సరిగ్గా పదిన్నర సెంటీమీటర్లని పుస్తకాల్లో ఉంది. కాఫీ గ్లాసు అడుగుకు సుమారు రెట్టింపు. ఇది దాని గుండే అయితే వృత్తమూ అంతే రావాలి. ఆవిడ కేంద్రంలో కంపాసు ముల్లు గుచ్చి, రెండో కాలు చాచారు. చాచారు. ఇంకా చాచారు. కంపాసు కాళ్ళు చాలలేదు.

“దారం ఇలా ఇవ్వు” అన్నారు మెల్లగా.

దారానికి పెన్సిలు కట్టి గీస్తే కాగితం దాటి బల్ల మీదికి పోయింది వృత్తం. గంగాళమంత. ఆ ఓడలో అంత ఫిరంగి లేదు. అది నీళ్ళ తొట్టిదో, పంపుదో, వీధి కాలువ మూతదో. ఎవరికి తెలుసు! నేను చప్పట్లు కొట్టబోయాను. ఆవిడ ముఖం చూసి చేతులు దించుకున్నాను.

“చూశావా అమ్మాయ్,” అన్నారు, “అది ఎందుకు పేలలేదో నలభై ఏళ్ళు ఆలోచించాను. అసలది గుండేనా అని ఒక్క రోజూ ఆలోచించలేదు.”

హేతువాదులమని చెప్పుకునే మనందరికీ ఆ మాట చెంపదెబ్బ. మనం మహిమను ప్రశ్నిస్తాం. మహిమ జరిగిందన్న మాటను మాత్రం ఉచితంగా ఒప్పేసుకుంటాం. తర్వాత దానికి సైన్సు పేరు చెప్పి కారణాలు వెతుకుతాం. గుడ్డ పొగగొట్టంలోంచి పొగ ఎందుకు రావడం లేదని పరిశోధిస్తాం!

విజయదశమి నాడు శేషాద్రి అంకుల్ పొద్దుటి విమానానికి వచ్చారు. పట్టుపంచె, చేతిలో వెల్వెట్ గుడ్డ పరిచిన చిన్న పెట్టె. ఆవిడ ఆయనకు కాఫీ ఇచ్చి, కాగితం పరిచి, అంతా చూపించారు. ఆయన కాగితం వంక చూడలేదు.

“గుడి తెరిచేది ఈ నెల్లోనే. నలుగురికీ చెప్పేసినా. ఇప్పుడు ఇది కాలువ మూతని చెప్పమంటావా?”

“నువ్వు చెప్పలేకపోతే నేను చెబుతాను అన్నయ్యా.”

“నాన్న అబద్ధం చెప్పినాడంటావా?”

“నాన్నకి అప్పుడు నాలుగేళ్ళు. నాన్నకీ ఎవరో చెప్పారు. నాకేమనిపిస్తోందంటే... ఆ రాత్రి ఊళ్ళో సగం మంది బళ్ళు కట్టుకుని పారిపోయారు. నాయనమ్మ ఎప్పుడూ ఏదో రాత్రి బండిలో నెల్లూరికి వెళ్ళిన ప్రయాణం గురించి చెప్పేది చూడు, మనం పెళ్ళి ప్రయాణం అనుకునేవాళ్ళం. అది ఇదే అయితే? అమ్మవారు గుండును ఆపేసి ఉంటే వాళ్ళు నెల్లూరికి ఎందుకు పరుగెత్తారు?”

ఆయన లేచారు. “మన తాతను పిరికివాణ్ణి చేసినావు. సంతోషమా?”

“భయపడటం తప్పు కాదన్నయ్యా. ఆ భయానికి బొట్టు పెట్టి గుళ్ళో కూర్చోబెట్టడం తప్పు.”

“ఇది ఇయ్యకపోతే నాకు చెల్లెలు లేదనుకుంటా.” ఖాళీ పెట్టె చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు. కాఫీ సగమే తాగారు.

ఆ తర్వాత ఏడాది ఆదివారాలు నాకు గుర్తున్నాయి. ఆవిడ ఎప్పటిలాగే గ్లాసులో కాఫీ పోసుకుని, ఫోను ఎదురుగా పెట్టుకుని కూర్చునేవారు. వంటింట్లోకి రావద్దని ఇప్పుడెవరూ అనలేదు. అయినా నేను వెళ్ళేదాన్ని కాదు. ఒకసారి ఉండబట్టలేక అన్నాను: “పోనీ ఇచ్చేస్తే ఏం పోయిందాంటీ? మీకంటూ ఉన్నది ఆయనొక్కరే.”

“ఆయనొక్కడే కాబట్టే అబద్ధం ఇవ్వలేను. ఇంకెవరికైనా అయితే ఇచ్చేదాన్నేమో” అన్నారు. వాదించడం వచ్చిన నాకు, నెగ్గినందుకు మూల్యం చెల్లించే మనిషిని చూడటం అదే మొదలు.

మరుసటి దసరాకు ఆవిడ మళ్ళీ సముద్రం పరిచారు. ఈసారి ఓడ దిబ్బ మీద ఉంది. దాని శిథిలం దశాబ్దాలు అక్కడే తుప్పు పట్టి, చివరికి తుక్కు ఇనుము కిందికి పోయింది. “దాని నిజమైన ముక్కలు ఎవరెవరి ఇళ్ళల్లో ఉన్నాయో!” అనేవారు ఆశగా. మన ముక్కను దేవతల మధ్య నుంచి దించి, ఓడ పక్కన పెట్టి, చీటీ రాశారు. “ఇది ఎమ్డెన్‌ది కాదు. దేనిదో తెలియదు. మా ఇల్లు వందేళ్ళు నమ్మింది.” బియ్యపు తీరం మీద ఒక కొత్త బొమ్మ చేరింది, కొండపల్లి ఎడ్లబండి.

మూడో రోజు మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. చెప్పాపెట్టకుండా శేషాద్రి అంకుల్. లోపలికి వచ్చి, కొలువు ముందు నిలబడి, చీటీ చదివారు. ఆయన మోకాళ్ళ మీద చేతులు వేసుకుని నెమ్మదిగా వంగి, ఎడ్లబండిని పట్టుకుని అటు నుంచి ఇటు తిప్పారు.

“నెల్లూరు ఉత్తరాన గదమ్మా. బండిని కంచికి తోలతా ఉండావే!”

ఆయనే మళ్ళీ అన్నారు: “నాయనమ్మ నాకూ చెప్పింది. నీకంటే ఎక్కువే చెప్పింది. బండి కింద లాంతరు ఊగతా ఉంటే దాన్ని చూస్తా నాన్న ఏడుపు మానినాడంట. ఎవరికీ చెప్పొద్దురా, మీ తాతకు తలవంపులు అనింది.”

“లాంతరా?” ఆంటీ నేల మీద కూలబడ్డారు. ఏడాది కోపం, బాధ ఏమైపోయాయో! “ముందు కట్టారా, వెనకా? నాన్న ఎవరి ఒళ్ళో ఉన్నాడు? బండి మనదేనా, బాడుగదా? చెప్పన్నయ్యా, కూర్చో, కూర్చుని చెప్పు!”

ఆయన కూర్చున్నారు. వాళ్ళ నాన్న, నాలుగేళ్ళ పిల్లవాడు, వెనక ఆకాశం ఎర్రగా మండుతుంటే ఊగే లాంతరును చూస్తూ నిద్రపోయిన సంగతి ఆ మధ్యాహ్నం మొదటిసారి ఆ ఇంట్లో వినబడింది. మహిమ కథ ఇన్నాళ్ళూ ఆ పిల్లవాణ్ణి దాచేసింది. ఆంటీ తన పూసల డబ్బా వెతికి, ఎర్రపూస ఒకటి దారానికి గుచ్చి, బండి కింద కట్టారు.

అంకుల్ పూర్తిగా మారారని అనుకోకండి. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, “పోనీ, బండెక్కమని బుద్ధి పుట్టించింది అమ్మవారే అనుకో” అన్నారు.

“అనుకుంటే అనుకో. ఇనుముకు మాత్రం బొట్టు పెట్టకు” అన్నారు ఆవిడ. ఆదివారం కాఫీ మళ్ళీ మొదలైంది. ఆవిడ కన్నుమూసే వరకు ఆగలేదు.

ఇనుప ముక్కను నాకు వదిలి వెళ్ళారు. ఇవాళ దాన్ని చీటీతో సహా ఓడ పక్కన పెట్టాను. బండి కింద ఎర్రపూస కట్టాను. ఇప్పుడు నేను సభల్లో మాట్లాడేది తక్కువ. ఎదుటివాళ్ళు “మా ఇంట్లో జరిగింది” అంటే, ఎలా జరుగుతుందని గద్దించను. కూర్చుంటాను. ఎవరు చూశారు, ఎక్కడి నుంచి చూశారు, తర్వాత ఏమైంది అని అడుగుతాను. అడిగి ఊరుకుంటాను. ఆవిడ నాకిచ్చినది అదే. మిగతా కోపమంతా నాదే, దాన్ని వదులుకునే ఉద్దేశం లేదు.

ఇక మీ వంతు. లేవండి. మీ ఇంట్లో దండం పెట్టుకునే ఆ వస్తువును కిందికి దించండి. దాని మీది కుంకుమ తుడిచి, వెలుతురులోకి తెచ్చి, దారంతోనో స్కేలుతోనో కొలవండి. సంగతి తెలిసిన పెద్దవాళ్ళు ఇంకా బతికి ఉంటే, ఈ రోజే కాఫీ కలుపుకుని వాళ్ళ పక్కన కూర్చుని, ఎవరు చూశారని అడగండి. తేలినదేమిటో చీటీ మీద రాసి, మీ పిల్లలు చదివే చోట పెట్టండి. దసరా దాకా ఆగకండి.